కృపానందం పాడిన ఐసు దిమ్మ

కృపానందం చెడ్డవాడు కాడు. తాగడు, పేకాడడు, ఆదివారం గుడి మానడు. ఆకివీడు శివార్లలో నరసరాజు గారు ఐసు ఫ్యాక్టరీ పెట్టిన నాటి నుంచీ అందులో కంప్రెసర్ ఆపరేటరుగా చేసి, అమ్మోనియా ఘాటు ముక్కుకి తెలియకుండా పోయిన మనిషి. ఇరవై రెండేళ్లలో పని ఎగ్గొట్టాడన్న మాట ఎవరూ అనలేదు. అతనికున్న జబ్బల్లా ఒక్కటే. ఆ జబ్బు పేరు జోసెఫ్.

జోసెఫ్ అతని తోడల్లుడు. కృపానందం భార్య దేవకుమారి, ఆమె చెల్లెలు స్నేహలత, ఆ స్నేహలత మొగుడు జోసెఫ్. ఒక మామగారి వాకిట్లో రెండు పీటలు వేస్తే ఏ పీట ఎత్తుగా ఉందో చూసుకోని అల్లుడు ఇంకా పుట్టలేదు గానీ, మన కృపానందం చూసుకున్నంతగా ఎవడూ చూసుకోలేదు. పెంటపాడు మామగారు పెద్దల్లుడికి పెళ్లిలో సైకిలు కొనిచ్చారు. ఆరేళ్ల తర్వాత చిన్నల్లుడికి సైకిలూ, దాంతోపాటు టేబుల్ ఫ్యానూ కొనిచ్చారు. ఆ ఫ్యాను గాలి కృపానందం ఇవాళ్టి దాకా ఒంటికి తగలనివ్వలేదు. ఎండాకాలం జోసెఫ్ ఇంటికి వెళ్లాల్సి వస్తే వీధరుగు మీదే కూర్చుంటాడు.

"లోపలికి రండి అన్నయ్యా, ఫ్యాను వేస్తాను" అంటాడు జోసెఫ్.

"నాకు గాలి పడదు" అంటాడు కృపానందం.

ఐసు ఫ్యాక్టరీలో ఇన్నేళ్లు పనిచేసినవాడికి గాలి పడకపోవడమేమిటని ఎవరూ అడగరు. అందరికీ తెలిసిందే కదా, అడగడమెందుకు.

పోనీ జోసెఫ్ పరాయి చోట ఎక్కడైనా బతికేవాడా అంటే, అదీ కాదు. వాణ్ణి తీసుకొచ్చి రాజుగారి ముందు నిలబెట్టింది కృపానందమే. మరదలు ఏడుస్తుంటే చూడలేక, "మావాడేనండి, కష్టపడతాడండి" అని చెప్పి పనిలో పెట్టించాడు. మొదట్లో జోసెఫ్ ఉప్పునీళ్ల తొట్టిలోంచి ఐసు డబ్బాలు లాగేవాడు. ఏ వాల్వు ఎప్పుడు తిప్పాలో, డబ్బాని మామూలు నీళ్లలో ఎంతసేపు ముంచితే దిమ్మ విరక్కుండా ఊడొస్తుందో చెయ్యి పట్టుకుని నేర్పింది కృపానందం. నేర్చుకున్నవాడు అక్కడ ఆగాడా? లారీ డ్రైవర్లతో హిందీ మాట్లాడ్డం పట్టాడు. చేపలు ప్యాక్ చేసే షెడ్డుకి సూపర్‌వైజరయ్యాడు. గుడి కమిటీలో మెంబరయ్యాడు. ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు. ఇంత ఎదిగీ వాడు "అన్నయ్యా" అనడం మానలేదు, ఎదురుపడితే "వందనాలన్నయ్యా" అని సైకిలు దిగడం మానలేదు. కృపానందానికి అన్నిటికన్నా కడుపుమంట అదే. తిట్టుకోవడానికైనా సందివ్వని మనిషిని ఏం చేస్తాం?

ఇలా ఉండగా 2006 వచ్చింది. ఆ వేసవిలో ప్రభుత్వం వారు కొల్లేటిలోకి పొక్లెయిన్లు దింపి, సరస్సు లోపల వేసిన చేపల చెరువుల గట్లన్నీ తెగ్గొట్టేశారు. కొంగలకి మంచిదన్నారు. మంచిదే అయ్యుంటుంది. కాకపోతే కొంగలు ఐసు కొనవు. ఆ చెరువుల చేప మీద ఆధారపడ్డ నరసరాజు గారి ఫ్యాక్టరీ ముందు వానాకాలం పోయేసరికి లారీలు పల్చబడ్డాయి. దసరా వెళ్లాక ఒకరోజు రాజుగారు షెడ్డులోకి వచ్చి, పనివాళ్లందరినీ పిలిచి నిలబడే చెప్పారు.

"నెలాఖరుకి మూసేస్తున్నానయ్యా. తాడేపల్లిగూడెం చలపతిరావు గారు గోడౌను కోసం కొంటున్నారు. చట్టప్రకారం మీకు ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కన ఇస్తాను. ఏలూరు వెళ్లి లేబరాఫీసులో అడిగినా అదే చెబుతారు. ఆపైన ఎవరికైనా ఇబ్బందులుంటే ఇంటికొచ్చి విడిగా చెప్పుకోండి. చేయగలిగింది చేస్తాను."

కృపానందానికి ఉన్న ఇబ్బంది గోడల రూపంలో ఎదురుగా కనిపిస్తూనే ఉంది. కంప్రెసర్ని కనిపెట్టుకుని ఉండాలని ఫ్యాక్టరీ వెనక రాజుగారు వేయించిన గది అది. గదీ, దాని ముందు రెండు సెంట్ల దొడ్డీ. కూతురు జాయ్సీ పుట్టింది ఆ గదిలోనే. దొడ్లో దేవకుమారి పెట్టిన మునగచెట్టు ఉంది, కోళ్ల గూడుంది, గోంగూర మడి ఉంది. భూమ్మీద వాళ్లకి ఇంకెక్కడా కాలు మోపే చోటు లేదు. ఫ్యాక్టరీ పోతే గదీ పోతుంది.

"డబ్బు పెంచమని అడక్కండి" అంది దేవకుమారి, మొగుడి చొక్కాకి గుండీ కుడుతూ. "డబ్బు ఎంతిచ్చినా అయిపోద్ది. గది అడగండి. గదొక్కటే అడగండి. మధ్యలో ఇంకెవరి సంగతీ ఎత్తకండి."

"ఎవరి సంగతి ఎత్తుతానేంటి?"

"ఎవరి సంగతో మీకు తెలుసు కదండీ."

మర్నాడు పొద్దున్నే కృపానందం రాజుగారింటికి వెళ్లాడు. రాజుగారు వరండాలో పడక్కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. దారి పొడుగునా వల్లెవేసుకొచ్చిన మాటలు కృపానందం ఒక్కటీ తడబడకుండా అప్పజెప్పాడు. ఆ పూట అతను బేరమాడిన తీరు చూస్తే ఆకివీడు చేపల వేలం పాటగాళ్లు కూడా శభాష్ అనేవాళ్లు.

"గది నాకు రాయించండి రాజుగారూ. కావాలంటే ఆ పదిహేను రోజుల లెక్కలో కొంత తగ్గించుకోండి."

"గది రాయించడమంటే మాటలటోయ్? చలపతిరావు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మొత్తం కలిపి అడుగుతున్నాడు."

"తుఫాను యేడు వాల్వు పగిలి అమ్మోనియా తన్నుకొస్తుంటే మొహానికి తడిగుడ్డ కట్టుకుని లోపలికెళ్లింది ఎవరండీ?"

"నువ్వే. కాదన్నానా?"

"ఆ వేళ మీరేమన్నారో జ్ఞాపకముందాండీ?"

"ఏమన్నాను?"

"'నీ రుణం ఉంచుకోనోయ్ కృపానందం' అన్నారండి. వాచ్‌మన్ అప్పారావు కూడా విన్నాడండి."

రాజుగారికి నవ్వొచ్చింది. "పదేళ్ల కిందటి మాట పట్టుకొచ్చి గుమ్మంలో నిలబెట్టావే" అన్నారు. పేపరు మడిచి పక్కన పెట్టారు.

"మాకు నిలబడ్డానికి చోటు లేదండి. చేతిలో వంద రూపాయలైనా లేవండి. మీరు కాకపోతే ఇంకెవరున్నారండీ?"

"సరే, చలపతిరావుతో మాట్లాడి చూస్తాను. మొత్తంలోంచి ఒక్కటంటే ఒక్కటి ఏదైనా తీసి పక్కన పెట్టనిస్తాడేమో. వచ్చే ఆదివారం మీ గుళ్లో పండగకి నేనూ వస్తున్నాగా, ఆ మర్నాడు వచ్చి కనపడు."

అంటే గది ముప్పాతిక మూడొంతులు చేతికొచ్చినట్టే. దేవకుమారి చెప్పినట్టు అక్కడితో దండం పెట్టి వచ్చేసి ఉంటే మనకి చెప్పుకోవడానికి ఏమీ లేదు. కానీ గేటు దాటుతుండగా సైకిలు దిగి లోపలికొస్తూ జోసెఫ్ ఎదురయ్యాడు.

"వందనాలన్నయ్యా. రాజుగారున్నారా?"

వాడు చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. కృపానందానికి ఆ ఇస్త్రీ మడత కంట్లో గుచ్చుకుంది. వీడేం అడగడానికి వచ్చాడు? అడిగితే రాజుగారు కాదంటారా? హిందీ మాట్లాడతాడు, గట్టిగా నవ్వుతాడు, ఎవరినైనా బుట్టలో వేస్తాడు. జోసెఫ్ చెప్పులు విప్పుకునే లోపల కృపానందం గిర్రున వెనక్కి తిరిగి మళ్లీ వరండా ఎక్కాడు.

"ఒక్క మాటండి" అన్నాడు గొంతు తగ్గించి. "జోసెఫ్‌కి ఏమిచ్చినా, నాకు దానికన్నా ఒక్క రూపాయి ఎక్కువ ఉండాలండి. పెద్దవాణ్ణి నేను."

రాజుగారు కళ్లజోడు తీసి అతని వంక చూశారు.

"నీకు గది కావాలా, జోసెఫ్ కన్నా ఎక్కువ కావాలా?"

"రెండూనండి."

రాజుగారు ఈసారి నవ్వలేదు. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని పేపరు తీశారు.

ఆ వారం కృపానందం ఎలా గడిపాడో దేవకుమారిని అడగాలి. జోసెఫ్ మనసులో ఏముందో ఊళ్లో అందరికీ తెలుసు. ఫ్యాక్టరీలో దిమ్మల్ని పొడి చేసే క్రషరు ఒకటుంది. అది చేతికొస్తే చేపల రేవు దగ్గర పెట్టుకుని, బయటి నుంచి దిమ్మలు తెప్పించి, పొడి ఐసు అమ్ముకుంటానని జోసెఫ్ చాలామందితో అన్నాడు. మంచి ఆలోచన. కృపానందానికి తట్టనంత మంచి ఆలోచన. దాంతో అతనికి అన్నం సయించడం మానేసింది. కళ్లు మూసుకుంటే చాలు, రేవులో క్రషరు తిరుగుతున్నట్టూ, దానిపైన జోసెఫ్ పేరుతో బోర్డు ఉన్నట్టూ, లారీలు ఆగుతున్నట్టూ కనిపించేది.

జోసెఫ్ వచ్చిన వేళ వాచ్‌మన్ అప్పారావు రాజుగారింట్లోనే ఉన్నాడు. కృపానందం వాణ్ణి టీ కొట్టు దగ్గర పట్టుకున్నాడు.

"మా జోసెఫ్ ఎంతసేపున్నాడు లోపల?"

"చాలాసేపే ఉన్నాడండి."

"వచ్చేటప్పుడు మొహం ఎలా ఉంది?"

"అదోలా ఉందండి."

"అదోలా అంటే? సంతోషంగానా?"

"ఏమోనండి. నేను పాలు తేడానికెళ్తా చూశానండి. సరిగా కనపళ్లేదండి."

సరిగా కనపడనిదాన్ని కృపానందం సంతోషం కింద జమకట్టుకున్నాడు. ఇంటికొచ్చి, "రాజుగార్ని క్రషరు కూడా అడుగుతాను" అన్నాడు.

"మనకి క్రషరెందుకండీ?" అంది దేవకుమారి.

"మనకెందుకూ అక్కర్లేదు. వాడికి ఉండకూడదు."

దేవకుమారి చేట అందుకుంది. కోళ్లకి నూకలు చల్లడానికి దొడ్లోకి వెళ్లిపోయింది.

కోత పండగ ఆదివారం వచ్చింది. తెలియనివాళ్లకి చెప్పాలి. ఈ ప్రాంతపు గుళ్లలో కోతలయ్యాక ఎవరి పంటలో తొలి ఫలం వాళ్లు దేవుడికి తెచ్చిపెడతారు. తలుపులకి వరి కంకులు కడతారు. ప్రసంగం చెప్పే పుల్పిట్ పక్కన చెరుకు గడలు నిలబెడతారు. సొరకాయలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, బిందెలో నీళ్లు పోసి అందులో బతికున్న కొరమేనులు, కాళ్లు కట్టేసిన కోళ్లు. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే ఆ కోళ్లు ఆమెన్ అనాల్సిన చోట కాకుండా మధ్యలో అంటుంటాయి. ఆరాధన అయ్యాక అన్నిటినీ వాకిట్లో పెట్టి వేలం వేస్తారు. వచ్చిన డబ్బు గుడికి. వేలం సొమ్ము అప్పటికప్పుడు కట్టక్కర్లేదు, క్రిస్మస్ లోపు కడితే చాలు. అందుకని జేబు ఖాళీగా ఉన్నవాడికి కూడా గొంతు లేస్తుంది. పది రూపాయల సొరకాయ రెండు వందలు పలుకుతుంది. పాడుకునేది సొరకాయని కాదు, మైకులో తన పేరుని.

ఐసు ఫ్యాక్టరీ వాళ్లకి తొలి ఫలం ఏముంటుంది? ఐసే. ఏటా కృపానందం ఒక దిమ్మ తెచ్చి పెట్టేవాడు. అది వేలానికి కాదు, ఎండన పడి వచ్చిన జనానికి నిమ్మకాయ షర్బత్ కలపడానికి. ఈ ఏడు ఫ్యాక్టరీలో మోటారు ఆపేసే ముందు చివరి డబ్బాల్లోంచి ఒక మంచి దిమ్మ ఎంచి, ఊకలో పూడ్చి, గోనెసంచులు కప్పి దాచాడు. ఆదివారం పొద్దున్న రిక్షాలో తెచ్చి గుడి వాకిట్లో దింపాడు.

"వేలంలో నోరెత్తకండి" అని దేవకుమారి ముందే హెచ్చరించింది. "రాజుగారు ముందు వరసలో కూర్చుంటారు. చేతిలో వంద లేదని చెప్పొచ్చారు."

"నేనేం వెర్రివాణ్ణా?" అన్నాడు కృపానందం. వెర్రివాడు కాడని చూపించుకోవడానికి కావాలనే భుజం దగ్గర అతుకేసిన చొక్కా వేసుకొచ్చాడు. రాజుగారికి బాగా కనపడేలా ఆ భుజం అటువైపు పెట్టి కూర్చున్నాడు.

వేలం వేసేది ఏసుకుమార్ మాస్టారు. స్కూల్లో పిల్లల్ని అదిలించిన గొంతు, మైకు లేకపోయినా చెరువు అవతలికి వినపడుతుంది. గుమ్మడికాయ పోయింది, కోళ్లు పోయాయి, కొరమేనులు పోయాయి. కృపానందం చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని బుద్ధిగా ఉన్నాడు. జోసెఫ్ కూడా దేనికీ పాడలేదు. అది చూసి కృపానందానికి ప్రాణం కాస్త కుదుటపడింది కూడా.

అప్పుడు ఏసుకుమార్ మాస్టారికి గోనెసంచుల కింద దిమ్మ కనపడింది.

"సంఘస్థులారా, ఇది మన రాజుగారి ఫ్యాక్టరీలో ఆఖరి ఐసు" అన్నాడు. "మళ్లీ ఏడు ఇది ఉండదు. షర్బత్‌లోకి ఎలాగూ పోద్ది గానీ, దీన్నీ ఓ పాట పాడదాం. పాడినవారి పేరు మీద అందరం షర్బత్ తాగుదాం. సర్కారు వారి పాట యాభై."

జోసెఫ్ లేచి నిలబడ్డాడు. ఒకసారి ముందు కుర్చీల వైపు చూసి, "ఐదొందలు" అన్నాడు.

చప్పట్లు మోగాయి. కృపానందం చేతులు తొడల కిందనుంచి వాటంతటవే బయటికొచ్చాయి. ఆ దిమ్మ ఎవరిది? నీళ్లు పట్టిందెవరు, రాత్రంతా మీటరు చూసుకుంటూ గడ్డ కట్టించిందెవరు, పగుళ్లు లేనిది ఏరి ఊకలో దాచిందెవరు? ఇరవై రెండేళ్ల చాకిరీలో మిగిలిన ఒకే ఒక్క ముక్క అది. దాన్ని జోసెఫ్ పేరు మీద తాగాలా? జోసెఫ్ గారి షర్బత్ అని ఊరంతా చప్పరించాలా?

"ఆరొందలు" అన్నాడు. అన్నాక గానీ ఆ గొంతు తనదని తెలియలేదు.

దేవకుమారి ఆడవాళ్లలోంచి తలెత్తి చూసింది. జోసెఫ్ మళ్లీ ముందు కుర్చీల వైపు చూశాడు. "వెయ్యి" అన్నాడు.

"పన్నెండొందలు."

"రెండు వేలండి."

ప్రతిసారీ నోరు తెరిచే ముందు జోసెఫ్ అలా రాజుగారి వైపు చూడటం కృపానందం గమనించాడు. దొరగారికి చూపించుకుంటున్నాడు, నేనెంత పాడగలనో చూడండి అంటున్నాడు అనుకున్నాడు. మూడు వేలయింది, నాలుగయింది. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. ఆ నక్కకైనా కాలేటప్పుడు నొప్పి తెలిసి ఉంటుంది. కృపానందానికి అదీ తెలియడం లేదు. ఐదు వేల దగ్గర జోసెఫ్ నడుము దగ్గర చెయ్యి పెట్టి, ఇక చాలన్నయ్యా అన్నట్టు అరచెయ్యి ఆడించాడు. నీ వల్ల కాదులే కూర్చో అంటున్నాడని అర్థమైంది కృపానందానికి.

"ఏడు వేలు" అన్నాడు.

 దిమ్మ కింద నుంచి నీళ్లు సన్నగా కారి పాస్టరు గారి చెప్పుల దాకా వచ్చాయి. పాట పెరుగుతోంది, సరుకు తరుగుతోంది.

"ఎనిమిది" అన్నాడు జోసెఫ్ నీరసంగా.

"తొమ్మిది వేలు."

జోసెఫ్ ఈసారి ముందు కుర్చీల వైపు చూడలేదు. కృపానందం చొక్కాకున్న అతుకు వైపు చూశాడు. చూసి, కూర్చుండిపోయాడు.

"తొమ్మిది వేలు ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. కృపానందం గారు, ఐసు ఫ్యాక్టరీ" అని ఏసుకుమార్ మాస్టారు అరిచాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఉన్నంతసేపూ కృపానందం ఆకాశంలో ఉన్నాడు. అవి ఆగాక తల తిప్పి చూస్తే, రాజుగారు తన ఖాళీ గ్లాసు పాస్టరు గారి చేతికిచ్చి, షర్బత్ తాగకుండానే కారు వైపు వెళుతున్నారు.

ఇంటికొచ్చాక దేవకుమారి తిట్టలేదు. తిడితే బాగుండేదని అతనికనిపించింది. ఆమె దొడ్లో మునగచెట్టు మొదట్లో చాలాసేపు కూర్చుని లేచింది.

సోమవారం ఆ వరండాలోనే, ఆ పడక్కుర్చీలోనే రాజుగారు కూర్చుని ఉన్నారు. కృపానందం మెట్ల కింద నిలబడ్డాడు.

"తొమ్మిది వేలు" అన్నారు రాజుగారు.

"తప్పయిపోయిందండి."

"చేతిలో వంద లేదన్నావు."

"లేదండి. మీరిచ్చే దాంట్లోంచి కడదామనండి."

"ఎవరి మీద పాడావో తెలుసా?"

"జోసెఫ్ మీదండి."

"నా మీద పాడావు. మన ఫ్యాక్టరీ ఆఖరి ఐసు వేలానికొస్తే ఎంతయినా సరే పాడు, నా పేరు చెప్పకు, నాలుగు డబ్బులు గుడికి పోతాయని వారం కిందటే జోసెఫ్‌తో చెప్పాను. ఎందాకా వెళ్లమంటారని అతను పాటపాటకీ నా వంక చూస్తూనే ఉన్నాడు. చూస్తుండగానే నువ్వు లేచావు. ఇల్లు లేదని నా దగ్గర మొరపెట్టుకున్నవాడివి, నా డబ్బు మీద పోటీకి లేచావు."

కృపానందానికి భూమి చీలితే బాగుండుననిపించింది. రాజుగారు ఆగలేదు.

"నిన్న ఇంటికొచ్చాక ఒకటే అనుకున్నాను. తొమ్మిది వేలు నీళ్లలో పోసేవాడికి గది ఎందుకు? చలపతిరావుకే వదిలేద్దామనుకున్నాను. పొద్దున్నే మీ జోసెఫ్ వచ్చి ఈ మెట్ల మీద కూర్చున్నాడు. తప్పు నాదండి, మీ పాటని ముందే చెప్పుంటే అన్నయ్య పాడేవాడు కాదండి, ఆ తొమ్మిది వేలు నాకొచ్చేదాంట్లో విరగ్గొయ్యండి, గది మాట మాత్రం మార్చకండి అన్నాడు."

"గది మాట అతనికెలా తెలుసండీ?"

"తెలియకపోవడమేమిటి? నువ్వొచ్చి వెళ్లిన రోజున, ఏదైనా ఒకటి తీసిపెట్టగలిగితే ఆ గది మా అన్నయ్యకిమ్మని అడిగింది అతనే. వెళ్లు. గది నీదే. తొమ్మిది వేలు జోసెఫ్ లెక్కలో రాస్తాను."

గది దక్కింది. దక్కిన మాట కృపానందం చెవిన పడింది. కానీ మనిషి మనసు ఎంత పాడుదో చూడండి, సంతోషం రావాల్సిన చోట మంట లేచింది. ఇన్నాళ్లూ ఆ ఫ్యాను గాలి కూడా తగలనివ్వలేదే, ఇక రోజూ జోసెఫ్ పెట్టిన కప్పు కింద పడుకోవాలా? మునగకాయ కోసినప్పుడల్లా జోసెఫ్ దయ అనుకోవాలా? పనిలో చేరిన నాటి నుంచీ తన చెయ్యి పట్టుకుని నడిచినవాడు ఇవాళ తనని ఎత్తుకుని గట్టెక్కించాడని ఊరు చెప్పుకోవాలా?

అతను ఒక మెట్టు ఎక్కాడు.

"ఓ మాటండి రాజుగారూ. ఆ తొమ్మిది వేలు నా లెక్కలోనే తీసెయ్యండి."

"అతనే ఇస్తానంటే నీకేం?"

"వద్దండి. నాలోనే తియ్యండి. ఇంకో వెయ్యి కావాలన్నా తీసుకోండి. కానండీ, జోసెఫ్ అడిగాడన్న మాట ఇంకెక్కడా రాకూడదండి. నా పని చూసి మీ అంతట మీరే గది ఇచ్చారని చెప్పాలండి. జోసెఫ్‌తో కూడా మీరు అలాగే అనాలండి. నువ్వడిగినందుకు కాదయ్యా, ముందే అనుకున్నాను అని."

రాజుగారు పడక్కుర్చీలో ముందుకి వంగారు.

"ఇన్నేళ్లుగా చేపలు అమ్ముతున్నాను, ఐసు అమ్ముతున్నాను. తన సొమ్ము తగ్గించమని బేరమాడిన మనిషిని మాత్రం నిన్నే చూశాను" అన్నారు. తర్వాత, "అలాగే. నా నోటమ్మట ఆ మాట రాదు" అన్నారు.

కృపానందం గెలిచినవాడి నడక నడిచి ఇంటికొచ్చాడు. దేవకుమారి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇచ్చారు" అన్నాడు. "గదీ దొడ్డీ మనవే. తొమ్మిది వేలు తగ్గించుకున్నారనుకో. తుఫాను యేడు సంగతి ఎత్తానా, ఇంక మాట్లాడలేకపోయారు. నీలాంటి పనివాడికి కాకపోతే ఎవడికిస్తానోయ్ అన్నారు."

దేవకుమారి కొంగుతో కళ్లొత్తుకుంది.  తర్వాత నెమ్మదిగా అంది.

"జోసెఫ్ అడిగాడని నాకు తెలుసండి. స్నేహ పోయిన వారమే వచ్చి చెప్పింది. మీతో అంటే గదే వద్దంటారని చెప్పలేదు."

 తొమ్మిది వేలు పోసి కొనుక్కున్న రహస్యం వారం రోజులుగా తన వంటింట్లోనే ఉంది.

"గొప్పగా చెప్పుకుందా?" అన్నాడు కృపానందం.

"గొప్పా? ఏడ్చిందండి. ఒక్కటే తీసిపెట్టగలనన్నారంట రాజుగారు, గదో, క్రషరో. జోసెఫ్ క్రషరు వదులుకుని మనకి గది అడిగేశాడంట. రేవులో కొట్టు పెట్టుకుందామని ఎంతగా ఆశపడిందో పిచ్చిది. పుట్టినకాణ్ణుంచీ అన్నీ అక్కకేనా, అక్కావాళ్లకి సొంత గూడు వస్తుంది, మాకు మిషనూ లేదు పనీ లేదు అని, ఇదిగో ఈ గోడలన్నీ చూసి చూసి ఏడ్చింది."

కృపానందం మంచం మీద కూర్చున్నాడు. జోసెఫ్ మీద జాలేసింది. నిజంగానే వేసింది. కానీ ఆ జాలి అడుగున ఇంకేదో కదిలింది. చల్లగా, హాయిగా, టేబుల్ ఫ్యాను వచ్చిన నాటి నుంచీ అతను ఎరగని సుఖం ఏదో ఒళ్లంతా పాకింది. తల ఎత్తి గోడల వంక ఒకసారి చూసుకున్నాడు.

"ఏమందీ?" అన్నాడు.

"అన్నీ అక్కకేనా అందండి."

"ఈ గోడలు చూసేనా?"

"ఆయ్."

"మళ్లీ ఒకసారి చెప్పు" అన్నాడు కృపానందం.

దేవకుమారి మొగుడి మొహంలోకి చూసింది. మళ్లీ చెప్పలేదు. చెప్పులు తొడుక్కుని చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది.